గాలి సోకడం నుంచి సెల్ టవరు దాకా

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక విషయం మీద వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరినారు. ఓరుగల్లు కోట గురించి, రామప్ప గుడి గురించి రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. పి.ఆర్.సి. గురించి, కరువు భత్యం బకాయిల గురించి రాసేవారికైతే కొదవే లేదు. నేను 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరయ్యే దాకా, మధ్యలో కొన్నేళ్లు తప్ప, తపాలు చూసినవాణ్ణి. తపాలు గుమాస్తాకు తెలిసే చరిత్ర కొంత వేరుగా ఉంటుంది. కనుక నాకు తెలిసినదాని గురించే రాస్తున్నాను.

ఆఫీసుకు వచ్చే అర్జీల్లో ఏడాదికి రెండో మూడో ఒక ప్రత్యేకమైన రకానివి ఉండేవి. వాటి దస్తూరి తరచు ముచ్చటగా ఉండేది. పైన సూచిక, పాత అర్జీల తేదీలు, కింద ప్రతులు ఎవరెవరికి పంపినదీ, అన్నీ పద్ధతి ప్రకారం ఉండేవి. రాష్ట్రపతికి ప్రతి తప్పనిసరి. లోపల మాత్రం లోకంలో జరగని విషయం ఉండేది. తన మనసులోని మాట ఎవరో యంత్రంతో లాగుతున్నారనో, తన గురించి రేడియోలో చెబుతున్నారనో ఉండేది. వైద్యులు దీన్ని భ్రమ అంటారు. ఎంత రుజువు చూపినా కదలని తప్పుడు నమ్మకం అని దాని అర్థం. స్కిజోఫ్రెనియా వంటి జబ్బుల్లో ఇది ముఖ్య లక్షణం. మన వాడుకలో మతి తప్పింది అనేస్తాం, అక్కడితో వదిలేస్తాం. కానీ ఆ కాగితాలను వరుసగా పెట్టి చూస్తే మన జిల్లాకు ఏ యంత్రం ఎప్పుడు వచ్చిందో చెప్పవచ్చు. ఎవరి కుటుంబాన్నీ నొప్పించకూడదు గనుక కింద చెప్పే అర్జీలలో ఊళ్లు, వివరాలు మార్చినాను.

నేను కొలువులో చేరిన కొత్తలో వచ్చినవన్నీ పాత రకమే. పక్క చేను వాడు గాలి పంపించినాడు, బాణామతి చేయించినాడు, తిన్న అన్నంలో వెంట్రుకలు వస్తున్నాయి, బందోబస్తు చేయించండి అని. బాణామతి భయం తెలంగాణలో ఎంత పాతదో, దాని పేరుతో ఎందరు అమాయకులను కొట్టి, పళ్లు ఊడబెరికి, చంపినారో మీకు తెలియనిది కాదు. అలా నమ్మే ప్రతివాడికీ జబ్బు ఉన్నట్టు కాదు. ఊరంతా నమ్మేది వీడూ నమ్ముతాడు. జబ్బు మనిషి ఆ నమ్మకాన్ని తెచ్చుకుని తన ఒంటికి, తన ఇంటికి బిగించుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఇంత మాత్రం కాదులే అనేదాకా పోతాడు.

తర్వాత తీగలు వచ్చినాయి. నిజానికి మా నెక్కొండకు తీగలు కొత్త కాదు. నిజాం రైల్వే 1889లో బెజవాడను కలిపిననాటి నుంచీ ఈ లైను వెంట తంతి స్తంభాలున్నాయి. మా చిన్నతనంలో స్టేషను దగ్గర స్తంభానికి చెవి ఆనించి, లోపల జుమ్మని వచ్చే చప్పుడు బొంబాయి వాళ్ల మాటలని పిల్లలందరం నమ్మేవాళ్లం. ఇక రేడియో సంగతి. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1950లో ఆకాశవాణిలో కలిసింది. అంతకుముందే 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. అయితే పల్లెల్లో రేడియో అంటే చాలాకాలం పంచాయతీ ఆఫీసు గోడకు వేలాడే లౌడుస్పీకరే. ట్రాన్సిస్టర్లు చవకైన తరువాత, అంటే 1970లలో, మొదటి రేడియో అర్జీ నా బల్ల మీదికి వచ్చింది.

రాసినవారు ఒక బడిపంతులు. సాయంత్రం ప్రాంతీయ వార్తలు చదివేటప్పుడు తన ఇంటి విషయాలు మాటు మాటలతో చెబుతున్నారని, వరిధర పెరిగింది అంటే తాను అప్పు చేసినాడని అర్థమని, ఈ సమాచారం హైదరాబాదు కేంద్రానికి తన పాలివాళ్లు చేరవేస్తున్నారని ఆయన ఫిర్యాదు. ఇంతవరకు చదివి నవ్వుకునే గుమాస్తాలు ఉంటారు. నాకు పట్టుకున్నది ఆ పాలివాళ్ల పేరు. అంతకు నాలుగేళ్ల ముందు ఇంకొక ఊరివాడు గాలి పంపినారని రాసిన అర్జీలోనూ ముద్దాయిలు పాలివాళ్లే. అక్కడ కూడా తగాదా గెట్టు దగ్గరే. నేను చూసినంతలో ఆయుధం మారేది, శత్రువు మారలేదు. పాలివాడు, బావమరిది, పక్కింటివాడు, పై అధికారి. ఈ నలుగురు దాటి పోయిన అర్జీలు చాలా తక్కువ.

1980ల మధ్యలో టీవీ వచ్చింది. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైనా మన వైపు యాంటెన్నాలు మొలిచేసరికి మరికొన్నేళ్లు పట్టింది. రామాయణం సీరియలు నడిచిన 1987–88 కాలంలో ఊరికి నాలుగైదు సెట్లు ఉండేవి. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి తరఫున ఆమె తమ్ముడు రాసి తెచ్చిన కాగితం ఉంది. ఎదురింటి మేడ మీది యాంటెన్నా తమ ఇంటివైపు తిప్పి పెట్టినారట, తాను స్నానం చేసేది కూడా వాళ్ల టీవీలో పడుతున్నదట. ఆమె తలుపులకు, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని మూడు నెలలు బయటికి రాలేదని తమ్ముడు చెప్పినాడు. 1990ల నడుమ ఎస్.టి.డి. బూతులు వచ్చినాయి. ఒక వ్యాపారి, బూతులో మీటరు టిక్కుమన్నప్పుడల్లా తన ఆలోచనకు బిల్లు పడుతున్నదని, ఇప్పటికి ఇంత అయిందని లెక్క కట్టి, టెలిఫోను శాఖ తనకు ఆ సొమ్ము వాపసు ఇవ్వాలని కోరినాడు. లెక్క సరిగ్గా ఉంది, కూడి చూసినాను.

సెల్ టవర్ల అర్జీలు 2004 ప్రాంతంలో మొదలైనాయి. రిటైరైన తరువాత కూడా దరఖాస్తులు రాయించుకోవడానికి నా దగ్గరికి జనం వస్తూనే ఉన్నారు గనుక ఆధార్ కూడా చూసినాను. మన దేశంలో 2010 సెప్టెంబరులో ఆధార్ ఇవ్వడం మొదలైంది. కంటిపాప ఫోటో తీసినప్పుడు లోపల ఏదో పెట్టినారని, అప్పటినుంచి తాను చూసేదంతా ఢిల్లీకి కనబడుతున్నదని ఒక యువకుడు నాతో చెప్పినాడు.

ఇదంతా మన దగ్గరే జరిగిందనుకున్నాను. రిటైరైన తరువాత మా అబ్బాయి తెచ్చి ఇచ్చిన పుస్తకాలు చదివితే దీనికి రెండువందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉందని తెలిసింది.

లండనులో జేమ్స్ టిల్లీ మాథ్యూస్ అని తేయాకు వర్తకుడు ఒకడు ఉండేవాడు. ఫ్రాన్సులో విప్లవం నడుస్తున్న రోజుల్లో, రెండు దేశాలకూ సంధి కుదర్చాలని తనంత తానుగా పారిస్ వెళ్లి, అక్కడ అనుమానం మీద మూడేళ్లు బంధించబడి తిరిగి వచ్చినాడు. 1796లో పార్లమెంటులో గ్యాలరీ నుంచి లార్డ్ లివర్‌పూల్ మీద ద్రోహీ అని కేక పెట్టినాడు. 1797లో బెత్లెం అనే పిచ్చాసుపత్రిలో వేసినారు. అతని భ్రమ ఏమిటంటే, లండను ఊరి నేలమాళిగలో ఒక ముఠా గాలి మగ్గం అనే యంత్రం నడుపుతున్నది. పీపాల్లో దుర్గంధ వాయువులు నింపి, గొట్టాల ద్వారా పంపి, అయస్కాంత తరంగాలు నేసి, దూరాన ఉన్న మనిషి మెదడులోకి ఆలోచనలు పంపుతారు. ముఠాలో ఏడుగురు. యంత్రం ముందు కూర్చునే మనిషి ఒక స్త్రీ, చేతులకు ఎప్పుడూ తొడుగులుంటాయి. ఏ చిత్రహింసకు ఏ పేరో కూడా మాథ్యూస్ చెప్పినాడు. యంత్రం బొమ్మ ఇంజనీరు గీసినట్టు కొలతలతో గీసినాడు.

ఆ కాలంలో ఇంగ్లండులో ఏమి జరుగుతున్నదో చూడండి. కార్ట్‌రైట్ మరమగ్గానికి 1785లో పేటెంటు పొందినాడు. ప్రీస్ట్లీ వంటివారు కొత్త వాయువులు కనిపెడుతున్నారు. మెస్మర్ అయస్కాంత చికిత్సల గురించి యూరపంతా మాట్లాడుతున్నది. ఈ మూడూ కలిపి మాథ్యూస్ బుర్ర ఒక యంత్రం కట్టింది. మన ఓరుగల్లు వాళ్లకు మగ్గం అంటే కొత్త కాదు, 1934 నాటి ఆజంజాహీ మిల్లు చప్పుడు విన్నవాళ్లం. నాకు ఆశ్చర్యం కలిగించినది గాలి అన్న మాట. మనవాళ్లు గాలి సోకింది అన్నారు, ఆయన గాలి మగ్గం అన్నాడు. కంటికి కనపడకుండా దూరం నుంచి వచ్చి ఒంట్లో దూరే దానికి అక్కడా ఇక్కడా గాలే దొరికింది.

మాథ్యూస్ కథలో మరొక భాగం మన బోటి వారికి ఇంకా ముఖ్యమైనది. 1809లో అతని బంధువులు ఇతనికి మతి బాగానే ఉంది, విడిచిపెట్టండి అని అర్జీ పెట్టినారు. ఇద్దరు వైద్యులు వచ్చి చూసి బాగానే ఉన్నాడన్నారు. దానికి జవాబుగా బెత్లెం ఔషధ విభాగాధికారి జాన్ హాస్లమ్ 1810లో ఒక పుస్తకమే అచ్చువేసినాడు. ఒకే రోగి భ్రమలను పూర్తిగా వివరిస్తూ వచ్చిన పుస్తకాల్లో అదే మొదటిదంటారు. ఆ రోగి మాత్రం ఆసుపత్రి కొత్త భవనానికి ప్లానులు గీసి పోటీకి పంపితే, అధికారులు 30 పౌన్లు బహుమానం ఇచ్చినారు. 1815లో చనిపోయినాడు. అదే ఏడు పార్లమెంటు సంఘం బెత్లెంలో జరిగే ఘోరాలు విచారించింది, 1816లో హాస్లమ్ ఉద్యోగం పోయింది. మతి చలించినవాడు అన్ని విషయాల్లోనూ చలించి ఉండడని ఈ ఒక్క ఫైలు చాలు చెప్పడానికి.

మాథ్యూస్ కంటె ముందు కూడా ఉన్నారు. ఫ్రాన్సు రాజు ఆరవ చార్లెస్, 1422లో పోయినాడు, తన దేహం గాజుతో చేసినదని, ఎవరైనా తగిలితే పగిలిపోతానని భయపడి బట్టల్లో ఇనుప కమ్ములు కుట్టించుకున్నాడు. తరువాత రెండువందల ఏళ్లు యూరపులో చదువుకున్నవారిలో ఈ గాజు భ్రమ కనిపించింది. తేటగా ఆవలివైపు కనిపించే గాజు అప్పట్లో వింత వస్తువు. గాజు ఇంటింటా వచ్చిన తరువాత ఆ భ్రమ దాదాపు మాయమైంది. జర్మనీలో ష్రేబర్ అని పెద్ద న్యాయమూర్తి ఉండేవాడు, మనలాగే సర్కారు జీతగాడు. దేవుడి కిరణాలు తన నరాలను పట్టుకున్నాయని నమ్మేవాడు. అయినా తనను ఆసుపత్రిలో ఉంచరాదని కోర్టులో తానే వాదించుకుని 1902లో గెలిచినాడు, 1903లో ఆ అనుభవాలు పుస్తకంగా వేసినాడు.

వియన్నాలో విక్టర్ టౌస్క్ అనే వైద్యుడు 1919లో రాసిన వ్యాసం ఈ రంగంలో పెద్దబాలశిక్ష వంటిది. తమను ఎవరో యంత్రంతో నడుపుతున్నారని చెప్పే రోగులందరి మాటలూ పోల్చి చూసినాడు. పెట్టెలు, మరలు, తీగలు, బ్యాటరీలు. యంత్రం బొమ్మలు చూపిస్తుంది, ఆలోచనలు పెడుతుంది, తీస్తుంది, ఒంట్లో మంటలు పుట్టిస్తుంది. ఆయన రోగుల్లో ఒకామె తత్వశాస్త్రం చదువుకున్న 31 ఏళ్ల మనిషి. బెర్లినులో ఒక కరెంటు యంత్రం తనను నడుపుతున్నదని, దాని ఆకారం తన దేహం లాగే ఉంటుందని, నడిపేవాడు తాను పెళ్లికి కాదన్న ఒక ప్రొఫెసరని చెప్పింది. ఇక్కడ కూడా శత్రువు తెలిసినవాడే. ఇంకొక సంగతి, ఆమెకు చాలా ఏళ్లుగా చెవులు వినపడవు. దాని గురించి మళ్లీ చెబుతాను.

కార్ల్ యాస్పర్స్ అనే జర్మన్ పండితుడు 1913లో, భ్రమకు రూపం వేరు, విషయం వేరు అన్నాడు. గుమాస్తా భాషలో చెప్పాలంటే అచ్చువేసిన ఫారం ఒకటే, ఖాళీల్లో నింపే వివరాలు వేరు. ‘నన్ను ...... ద్వారా ...... హింసిస్తున్నారు’ అని ఫారం. జబ్బు ఫారం ఇస్తుంది. గాలి, రేడియో, ఉపగ్రహం అని నింపేది ఆ మనిషి బతికిన కాలం, విన్న మాట, చూసిన సినిమా. స్లొవేనియా దేశంలోని లుబ్లియానా ఆసుపత్రి వారు 1881 నుంచి 2000 దాకా పాత కేసు కాగితాలు తీసి, పదేళ్లకు పది చొప్పున 120 మంది వివరాలు పరిశీలించి 2008లో ప్రకటించినారు. రేడియో, టీవీలు వ్యాపించిన తరువాత యంత్రాల ద్వారా బయటివారు నడుపుతున్నారనే భ్రమలు పెరిగినట్టు తేలింది. పాత రికార్డు దాచినవాళ్లను నేను గౌరవిస్తాను. మన దగ్గర అటువంటి అర్జీలు ఎల్.డిస్. చేసి, గడువు తీరగానే చించేవాళ్లం. నిబంధన అదే.

అమెరికాలో 1998లో ఒక సినిమా వచ్చింది, పేరు ట్రూమన్ షో. ఒకడి జీవితమంతా అతనికి తెలియకుండా టీవీలో చూపిస్తుంటారు. ఆ తరువాత తమ జీవితం కూడా అలాంటి కార్యక్రమమేనని నమ్మే రోగులు కొందరు న్యూయార్కులో జోయెల్ గోల్డ్ అనే మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చినారు. ఆయన, ఆయన సోదరుడు కలిసి 2014లో దీని మీద పుస్తకం రాసినారు. దుప్పట్లు కట్టుకున్న ఆ ఆడమనిషి పదేళ్లు ముందే చెప్పిన మాట అది.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే పొరపడే ప్రమాదం ఉంది. 1979 జులై 11న స్కైలాబ్ పడుతుందన్నప్పుడు మన పల్లెలు ఎట్లా వణికినాయో గుర్తుందా? అమెరికా వాళ్ల 77 టన్నుల అంతరిక్ష నౌక. మేకలు, కోళ్లు కోసుకు తిన్నవాళ్లు, ఉన్న డబ్బు ఖర్చు చేసినవాళ్లు, పట్నం నుంచి పిల్లలను పిలిపించుకున్నవాళ్లు ఉన్నారు. అది చివరికి హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. ఇది జబ్బు కాదు. వార్త నిజం, భయం అతిశయం. తెల్లవారి అందరూ పొలాలకు పోయినారు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న మాట ఒక్క పూటలో దేశమంతా పాకింది. అంతకు పదేళ్ల ముందైతే పాకడానికి వారం పట్టేది, ఎస్.టి.డి. ఫోన్లు ఆ పని చేసినాయి. అదీ జబ్బు కాదు. 2001 మే నెలలో ఢిల్లీలో కోతి మనిషి తిరుగుతున్నాడని పుకారు పుట్టినప్పుడు వాడికి హెల్మెట్టు, ఇనుప గోళ్లు, ఛాతీ మీద బటన్లు కూడా ఉన్నాయన్నారు. మన తాతల నాటి దయ్యానికి బటన్లు ఉండేవి కావు. పుకారులో కూడా కాలం దూరుతుంది, అయితే పుకారుకు జట్టు ఉంటుంది. భ్రమ పట్టినవాడు మాత్రం ఒంటరి. ఊళ్లో ఇంకెవరూ నమ్మకపోయినా నమ్ముతాడు. నమ్మకపోవడమే కుట్రకు రుజువు అంటాడు.

కరోనా రోజుల్లో ఈ రెండింటి మధ్య గీత చెరిగిపోయింది. 2020 ఫిబ్రవరిలో, మన దేశంలో ఆ జబ్బు ఇంకా అడుగు పెడుతున్న రోజుల్లో, చిత్తూరు జిల్లాలో ఒక నడివయసు మనిషి తనకు కరోనా సోకిందని నిశ్చయించుకుని ప్రాణం తీసుకున్నాడు. సెల్‌ఫోన్లో ఆ వీడియోలు అదే పనిగా చూసినాడని, దగ్గరికి వచ్చినవారిని రాళ్లతో తరిమినాడని పత్రికలు రాసినాయి. వైద్య పత్రికల్లో కూడా ఆ కేసు చర్చకు వచ్చింది. 2021 జనవరిలో మదనపల్లెలో చదువుకున్న తల్లిదండ్రుల చేతిలో ఇద్దరు కూతుళ్లు చనిపోయినారు. కలియుగం ముగిసి సత్యయుగం వస్తుందని, బిడ్డలు తిరిగి లేస్తారని వారి నమ్మకం. కరోనా చైనా నుంచి రాలేదని, శివుడి నుంచి పుట్టిందని ఆ తల్లి అన్నట్టు వచ్చింది. పురాణంలోని యుగాంతం, ఆ ఏటి టీవీ వార్త ఒకే తలలో కలిసిపోయినాయి. ఆ ఇంట్లో ఇద్దరూ పాఠాలు చెప్పేవారు. చదువు ఉంటే ఇటువంటివి రావు అనే మాట ఇకనైనా మానాలి.

ఇప్పుడు మన వయసువారికి సంబంధించిన చిక్కు ఒకటి వచ్చిపడింది. మాథ్యూస్ కాలంలో గాలి మగ్గం లేదు. బడిపంతులు గారి కాలంలో రేడియో చెప్పేదే గాని వినేది కాదు. ఇప్పటి యంత్రం నిజంగానే వింటుంది. మన రాష్ట్రంలోనే 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగు ఆరోపణల మీద పోలీసు అధికారులనే అరెస్టు చేసినారు. నా ఫోను ఎవరో వింటున్నారని ఒక పెద్దమనిషి అంటే, పిచ్చి అని ఏ ధైర్యంతో అంటాం? పైగా డిజిటల్ అరెస్టు అనే మోసం వచ్చింది. వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో కనబడి, మీ మీద కేసుంది, కెమెరా ముందు నుంచి కదలవద్దు, ఎవరికీ చెప్పవద్దు అని బెదిరించి రిటైరైనవారి గ్రాట్యుటీ సొమ్ము ఊడ్చుకుపోతున్నారు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి గారే రేడియోలో దీని గురించి హెచ్చరించవలసి వచ్చింది. కనుక ఇంట్లో పెద్దాయన తలుపు వేసుకుని, సి.బి.ఐ. వాళ్లు నన్ను ఫోన్లో చూస్తున్నారు అని గుసగుసలాడితే అది రోగం కావచ్చు, మోసం కావచ్చు. ముందు ఫోను తీసి చూడాలి, బ్యాంకు పుస్తకం చూడాలి. మోసమైతే 1930 నంబరుకు చెప్పాలి. రెండూ కాక మామూలు బెంగ కూడా కావచ్చు. మనం బతికున్నామని ఏటేటా ఫోనుకు ముఖం చూపించి ఒప్పించుకోవలసిన రోజులు, కొంచెం అనుమానం పుట్టడంలో తప్పేముంది?

వైద్యులు తేడా ఎట్లా పట్టుకుంటారని మన జిల్లాలో ఒక మానసిక వైద్యుణ్ణి అడిగినాను. ఏమి నమ్ముతున్నాడన్నది కాదు, ఎట్లా నమ్ముతున్నాడన్నది చూస్తామన్నారు. ఎందుకు మీ ఫోనే వింటున్నారు, ఎట్లా తెలిసింది అంటే, మోసపోయినవాడు వచ్చిన కాల్ చూపిస్తాడు. రోగి, ఎదురింటి కుక్క రెండుసార్లు మొరిగింది, దాంతో తెలిసింది అంటాడు.

చివరగా కృత్రిమ మేధ. ఇంతవరకు చెప్పిన యంత్రాలు ఏవీ రోగికి జవాబు చెప్పలేదు. రేడియోను నిలదీస్తే అది తన పాట తాను పాడుకునేది. ఇప్పుడు ఫోన్లో చాట్‌బాట్ అని వచ్చింది, రాత్రి రెండింటికి అడిగినా తెలుగులో మర్యాదగా మాట్లాడుతుంది, ఎక్కువసార్లు ఔనంటుంది. డెన్మార్కు మానసిక వైద్యుడు సోరెన్ ఓస్టర్‌గార్డ్ 2023లోనే, ఇది జబ్బుకు లోనయ్యే స్వభావం ఉన్నవారిలో భ్రమలను పెంచవచ్చునని హెచ్చరించినాడు. 2021 క్రిస్మస్ నాడు ఇంగ్లండులో 19 ఏళ్ల కుర్రవాడు రాణిగారిని చంపుతానని విల్లు పట్టుకుని విండ్సర్ కోటలో దూరినాడు. అంతకుముందు అతడు తన ఉద్దేశం ఒక చాట్‌బాట్‌కు చెబితే అది వద్దనకపోగా మెచ్చుకున్నదని కోర్టులో బయటపడింది. 2023లో తొమ్మిదేళ్ల శిక్ష పడింది. ఓపెన్ ఏఐ కంపెనీ తానే 2025 అక్టోబరులో, వారంలో తమ చాట్‌బాట్ వాడేవారిలో 0.07 శాతం మంది మాటల్లో ఇటువంటి తీవ్రమైన మానసిక లక్షణాల జాడలు ఉండవచ్చునని అంచనా ప్రకటించింది. చిన్న అంకెగా కనిపిస్తుంది. వాడేవారు వారానికి 80 కోట్లని వారే చెప్పినారు, గుణిస్తే 5 లక్షల 60 వేలు. యంత్రం వల్ల వారికి జబ్బు వచ్చిందని దీని అర్థం కాదు. ఉన్న జబ్బు వెళ్లి దానితో మాట్లాడుతున్నదని మాత్రం తెలుస్తున్నది.

వియన్నా ఆమె చెవుల సంగతి చెబుతానన్నాను. ముసలితనంలో కొత్తగా అనుమానాలు మొదలైతే, చెవుడు దానికి ఒక కారణమని వైద్యులు చాలాకాలంగా గమనించినారు. పక్కగదిలో కోడలు ఫోన్లో మాట్లాడుతుంటే సగం వినపడి, మిగతా సగం మనసు పూరిస్తుంది. వినికిడి యంత్రం పెట్టుకుంటే కొందరికి ఆ బాధ తగ్గుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షను, ఒంట్లో ఉప్పు తగ్గడం, మతిమరుపు జబ్బు, కొన్ని మందులు కూడా ఇటువంటి అనుమానాలు తెస్తాయి. డెబ్బై దాటినవాడు హఠాత్తుగా మారితే భూతవైద్యుడి దగ్గరికి గాని, నేరుగా మానసిక వైద్యుడి దగ్గరికి గాని పోకముందు రక్తపరీక్ష చేయించాలి.

వయసులో ఉన్నవారి సంగతి వేరు. 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజిన్ అనే మందు వాడి చూపినప్పటి నుంచి ఈ జబ్బుకు మందులున్నాయి. మన దగ్గర లార్గాక్టిల్ అనేవారు. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న పిచ్చాసుపత్రిని 1953లో ఎర్రగడ్డకు మార్చినారు. రేడియో అర్జీ రాసిన పంతులు గారిని ఆయన భార్య అక్కడికే తీసుకుపోయింది. ఏడు నెలలకు తిరిగి వచ్చి, మందు మింగుతూ, పదవీ విరమణ దాకా పాఠాలు చెప్పి, పింఛను తీసుకుని పోయినారు. రేడియో మాత్రం ఇంట్లో పెట్టుకోలేదు. దుప్పట్లు కట్టుకున్న ఆమెను మొదట మొక్కుల చోట్లకు తిప్పినారు, గొలుసు కూడా వేసినారు. వైద్యం అందేసరికి ఆరేళ్లు గడిచినాయి, ఆమె పెద్దగా కోలుకోలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో అట్లా గొలుసులతో కట్టివేయబడిన పాతికమందికి పైగా రోగులు మంటల్లో కాలిపోయినారు, పరుగెత్తలేక. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను నిషేధించింది. ఇప్పుడు వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అని ప్రభుత్వం 14416 నంబరు పెట్టింది, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

మన సభ్యుల్లో కొందరి ఇళ్లలో ఇటువంటి కొడుకో కూతురో ఉన్నారు. బయటికి చెప్పుకోరు గాని నాకు తెలుసు. మన 1980 పింఛను నిబంధనల ప్రకారం, మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు వయసుతో పనిలేకుండా జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే వీలుంది. వైద్యుల సర్టిఫికెట్టు కావాలి, తరఫున తీసుకునే గార్డియను పేరు కావాలి. పింఛనుదారు, భార్య ఇద్దరూ పోయిన తరువాత అన్నదమ్ములు ఈ కాగితాల కోసం తిరగడం నేను కళ్లారా చూసినాను. మీరు ఉండగానే ఆ బిడ్డ పేరు, జబ్బు వివరం రికార్డులో చేర్పించండి. దరఖాస్తు ఎట్లా రాయాలో తెలియనివారు పి.పి.ఓ. నకలు, ఆసుపత్రి చీటీలు పట్టుకుని నెక్కొండలో మా ఇంటికి ఉదయం పూట వస్తే నేను రాసిపెడతాను.